అడుగు లేని పెట్టె

ఫ్రాన్సిస్ జీపు ఆ సందులో పట్టదు. పట్టదని తెలిసీ ప్రతిసారీ సగం దాకా తోసుకొచ్చి, అద్దం గోడకి గీరుకున్నాక ఆపి, గోడని తిట్టుకుంటూ దిగుతాడు. ఆ రోజూ అంతే చేశాడు. పాత పోస్టాఫీసు వెనక సందులో పీర్ మహమ్మద్ వడ్రంగి కొట్టు అరుగెక్కి, జేబులోంచి పురికొస ఉండ తీసి బల్ల మీద పడేశాడు.

"ఇదిగో మేస్త్రీ, కొలత. ఈ ముడి కాడ్నించి ఈ ముడి దాకా పొడుగు. ఇక్కడికి ఎడల్పు. ఎనకేపు మోకాలెత్తు, ముందేపు అందులో సగం. పైన అద్దం తలుపు, ఏటవాలుగా ఉండాలట. మా గలీనా మేడమ్ సేయించమన్నాది."

గలీనా మేడమ్ అంటే విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టించడానికొచ్చిన రష్యా ఇంజనీర్లలో ఒకాయన భార్య. జనవరి నెలాఖరుకి దిగింది. మల్కాపురం మనిషి ఫ్రాన్సిస్ ఆ క్వార్టర్లకి డ్రైవరు. గుడ్, నో గుడ్ అనే ఇంగ్లీషుకి నాలుగు రష్యా ముక్కలు కలిపి, మిగిలింది చేతులతో చెప్పి వాళ్ళతో నెట్టుకొస్తున్నాడు.

పీర్ మహమ్మద్ పురికొస విప్పి బల్ల మీద పరిచాడు. "ఏటిది? ఏదో పేరుండాలి కదా."

"ఫర్నిక్ అన్నాది. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఫర్నిక్కే."

"ఫర్నీచర్ అయ్యుంటాది. ఆళ్ళకి నోరు తిరగదు కదా."

"అదే అయ్యుంటాది మేస్త్రీ."

"మరి కిందేటి? సొరుగులా?"

ఫ్రాన్సిస్ కాసేపు తల గోక్కున్నాడు. "కింద ఏటీ వొద్దన్నాది. సేతులిలాగ ఊపీసి మరీ సెప్పింది, కింద నో నో అని."

"సొరుగులొద్దన్నమాట." పీర్ మహమ్మద్ చెవి మీద పెన్సిలు తీశాడు. "షోకేసు. బొమ్మలూ గాజు సామానూ పెట్టుకోడానికి. ఏటవాలు అద్దమైతే నిలబడి సూడొచ్చు. తెలివైన మనిషే."

ఇద్దరికీ సంతృప్తిగా ఉంది. తెలియని దాన్ని తెలిసిందాని పక్కన కూర్చోబెట్టేస్తే మనిషికి అలాటి సంతృప్తే కలుగుతుంది.

పీర్ మహమ్మద్‌కి ఈ షోకేసు మీద మామూలు బేరం కన్నా ఎక్కువ ఆశ ఉంది. ఆ సందులో ఒకప్పుడు ఉలి దెబ్బ వినపడని పొద్దు లేదు. ఇప్పుడు జనం ఇనప బీరువాలు కొనుక్కుంటున్నారు. వడ్రంగులంతా ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లోకి, సెంట్రింగుకి వెళ్ళిపోయారు. సెంట్రింగంటే కాంక్రీటు పోయడానికి పలకలతో అచ్చు కట్టడం, అది గట్టిపడ్డాక పలకలు ఊడపీకెయ్యడం. పీర్ మహమ్మద్ బావమరిది అయూబ్ మూడేళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. బావకి కూడా కాంట్రాక్టరు శ్రీరామ్మూర్తి దగ్గర చోటు మాట్లాడి పెట్టాడు. మార్చి ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు.

"మేకు కొట్టడం, కొట్టిన మేకు పీకడం. దాన్ని పనంతారా?" అని పీర్ మహమ్మద్ ఇంటికొచ్చిన వాళ్ళందరి దగ్గరా అన్నాడు. కాని రానని అయూబ్‌తో అనలేకపోయాడు. రష్యా వాళ్ళ క్వార్టర్లు వరసగా ఉన్నాయి. ఒక ఇంట్లో తన చేతి షోకేసు నిలబడితే పక్కింటి వాళ్ళు చూడరా? చూసినవాళ్ళు అడగరా? అడిగితే కొట్టు మూసే పని లేదు. ఆ లెక్క ఎవరికీ చెప్పకుండా మనసులో వేసుకుని, అటక మీద దాచిన టేకు పలకలు దింపాడు.

అవి పాత బంగళా ఒకటి పడగొట్టినప్పుడు తెచ్చినవి. ఇన్నాళ్ళూ వాటి అర్హతకి తగిన పని రాలేదని దాచాడు. చిత్రిక పడుతుంటే పైనున్న నల్లటి పొర చుట్టలు చుట్టుకుంటూ ఊడిపోయి లోపలి తేనె రంగు బయటపడింది. ఆ రంగు చూసి భార్య మదీనా బీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంత మంచి చెక్క పరాయి దేశమోళ్ళకా?" అంది.

"పరాయి దేశమోళ్ళయితే ఏటి? కళ్ళుంటాయి కదా."

ఎక్కడా ఒక మేకు వాడలేదు. అంతా కుసుల మీదే, ఒక చెక్క కొసని ఇంకో చెక్క బెజ్జంలో దించి, బిగించాడు. కుసి బిగువుగా దిగి, చివర్న ఒక్కసారి 'టక్' మంటే ఆ చప్పుడుకి తనే తల ఊపుకునేవాడు. నాలుగు మూలలా చిన్న తీగ చెక్కాడు. షోకేసు నేల మీద కూర్చుంటే ఏం బావుంటుందని కాళ్ళు కూడా పెట్టాడు. అవి ఎవరూ అడగలేదు. మదీనా బీ వంట పని అయ్యాక వచ్చి ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేది. "ఇక్కడ సూడండి, ఇంకా గరుగ్గా ఉంది," అని ఆమె అనడం, అతను వేలితో తడిమి ఒప్పుకోడంతో ఆ నాలుగైదు రోజులూ ఆ కొట్టు పాత రోజుల్లోలా కళకళలాడింది.

మధ్యలో అయూబ్ వచ్చాడు. చొక్కా నిండా సిమెంటు మరకలు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఒక్క షోకేసుకి ఇన్ని రోజులా బావా? మా కాడైతే ఈపాటికి ఒక అంతస్తు బిగించీసేవోళ్ళం."

"బిగించి పీకీసేవోళ్ళు."

"పీకితేనేటి, బిల్డింగు ఉంటాది కదా."

"బిల్డింగు ఉంటాది. నువ్వేటి సేసావో ఎవడికి కనబడతాది?" అన్నాడు పీర్ మహమ్మద్. మాట ముల్లులా తగిలిందని తెలిసి వెంటనే, "టీ తాగి ఎల్లు. మీ అక్క పెడతన్నాది," అన్నాడు. అయూబ్ టీ తాగి వెళ్ళాడు, కాని ఒకటో తారీఖు సంగతి గుర్తు చేయకుండా వెళ్ళలేదు.

జుమ్మా నమాజు నుంచి వచ్చాక పెట్టెకి ఆఖరి పూత పాలీషు వేశాడు. మర్నాడు పొద్దున్న పాత దుప్పట్లు చుట్టి జీపు వెనక ఎక్కించారు. గాజువాక దాటేదాకా పీర్ మహమ్మద్ ముందు సీట్లో కూర్చోలేదు. వెనకే కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెని రెండు చేతులా పట్టుకున్నాడు.

గలీనా మేడమ్ పెరట్లోంచి వచ్చింది. తలకి రుమాలు, మోచేతుల దాకా మట్టి. దుప్పటి తీయగానే పెట్టె దగ్గరికి వంగి చూసింది. తర్వాత చేతులు గౌనుకి తుడుచుకుని, ఒక్క వేలితో మూలనున్న తీగని మొదట్నుంచి చివరి దాకా తడిమింది. ఏదో అంది. ఏమందో ఫ్రాన్సిస్‌కీ తెలియలేదు గాని, పీర్ మహమ్మద్‌కి తెలిసినట్టే ఉంది. అతని ముఖం విప్పారింది.

"ఎక్కడ పెట్టాలో అడుగు," అన్నాడు.

ఫ్రాన్సిస్ హాలు వైపు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, కాస్త భయం భయంగా పెరటి వైపు చూపించింది. ఇద్దరూ పెట్టె మోసుకుని ఆమె వెనక నడిచారు.

పెరట్లో పెట్టె కొలతకి సరిగ్గా ఒక గొయ్యి తవ్వి ఉంది. దాన్నిండా గుర్రపు లద్దె. పైన జల్లించిన మెత్తటి మట్టి. పక్కనే పాలపొడి డబ్బాల్లో పెంచిన క్యాబేజీ నారు, ఆరు ఆకులతో నిలబడి ఉంది.

"లద్దె నానే తెచ్చాను. జట్కా స్టాండు కాడ్నించి," అన్నాడు ఫ్రాన్సిస్. అని, పెట్టె వైపు చూశాడు. గొయ్యి వైపు చూశాడు.

గలీనా మోకాళ్ళ మీద కూర్చుంది. వేలితో మట్టి మీద చదరం గీసింది. చుట్టూ గోడల్లా అరచేతులు నిలబెట్టింది. పైన మూతలా ఒక చెయ్యి వాల్చింది. తర్వాత రెండు చేతులూ అడుగున ఆడించింది: కింద ఏమీ లేదు, కింద మట్టే. భుజాలు దగ్గరికి ముడుచుకుని వణికి చూపించింది. ఆకాశంలోంచి వేళ్ళతో ఏదో రాల్చింది. అది మంచు. వాళ్ళ ఊళ్ళో ఈ రోజుల్లో నేలంతా మంచే. లద్దె వేడి కిందినుంచి, అద్దంలోంచి ఎండ పైనుంచి తగిలితేనే మొక్క బతుకుతుంది. కూరగాయల కాలం రాకముందే ఇలా కాచుకుంటారు.

"ఇదన్నమాట ఫర్నిక్," అన్నాడు పీర్ మహమ్మద్.

"తప్పు నాది మేస్త్రీ."

"నీదేటి? నువ్వు సరిగ్గానే సెప్పావు. కింద ఏటీ వొద్దన్నాది. నానే సొరుగులనుకున్నాను."

గలీనా వాళ్ళ ముఖాలు చూసి సంగతి గ్రహించింది. గబగబా లేచి హాలు వైపు చూపించింది: లోపల పెడదాం, అందంగా ఉంది, లోపల. పెరటికి తనే ఏదో చూసుకుంటుంది. పీర్ మహమ్మద్‌కి ఒక్క క్షణం ఆశ కలిగింది. లోపల పెడితే నలుగురూ చూస్తారు, తను వేసుకున్న లెక్క లెక్కలా జరిగిపోతుంది. కాని ఆ నారు అలా డబ్బాల్లో ఎదురుచూస్తుంటే, అడగని వస్తువు అంటగట్టి పోవడానికి అతనికి సిగ్గేసింది.

"సెప్పు ఫ్రాన్సిసూ. మేడమ్ షోకేసు అడగలేదు," అన్నాడు. సంచిలోంచి రంపం తీశాడు.

గోనె పరిచి పెట్టెని బోర్లించాడు. గలీనా "నియెత్, నియెత్" అంటూ అతని మణికట్టు పట్టుకుంది. అతను మెల్లగా విడిపించుకున్నాడు. నాలుగు కాళ్ళూ కోశాడు. అడుగు పలక కుసులు ఉలితో వదులు చేసి, ఒక్కొక్కటే తప్పించాడు. మేకుల్లేవు గనక ఎక్కడా చీలకుండా వచ్చింది. పాలీషు చేసిన టేకు గోడల్ని చొక్కా కొసతో ఒకసారి తుడిచి, తెచ్చి లద్దె మీద నిలబెట్టాడు. పెట్టె అడుగు నుంచి మూడు వేళ్ళ మందం మట్టిలోకి దిగిపోయింది. ఒక మూల తీగ సగం కప్పుకుపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చి మదీనా బీతో ఒకే మాట అన్నాడు. "ఒకటో తారీఖు అయూబ్‌తో ఎలిపోతాను." ఆమె అతని ముందు కంచం పెట్టింది. ఎందుకని అడిగితే ఏడుస్తాడేమోనని ఆమెకి అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం జీపు మళ్ళీ వచ్చి గోడకి గీరుకుంది. ఫ్రాన్సిస్ దిగకుండానే కేకేశాడు.

"మేస్త్రీ, నువ్వు రావాలి. మొక్కలన్నీ తలలు వేలాడేసీసాయి. మేడమ్ ఒకటే బాధపడతన్నాది."

"నాను మొక్కల డాక్టర్నా?"

"పెట్టె నీదే కదా మరి."

పీర్ మహమ్మద్ పనిముట్ల సంచి భుజానేసుకుని జీపెక్కాడు.

విశాఖపట్నంలో ఫిబ్రవరి నెలాఖరు మిట్టమధ్యాహ్నం. కింద లద్దె పొగలు చిమ్ముతోంది, పైన అద్దం. అద్దం తలుపెత్తగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది. నారంతా మట్టికి అంటుకుపోయి ఉంది. గలీనా లోపలికి చెయ్యి పెట్టి ఠక్కున తీసేసుకుంది. తన చెయ్యి చూసుకుంది. పైకి, ఎండ వైపు చూసింది. ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ చెమటలు కారుస్తూనే, చేతులు మాత్రం అలవాటు కొద్దీ చలికాలం పని చేసుకుపోయాయని ఆమెకి అప్పుడు తట్టింది.

"ఇక్కడ సలి ఉండదని నాను ముందే సెప్పొచ్చు కదా అంతావేమో," అన్నాడు ఫ్రాన్సిస్ మెల్లగా. "ఫారిన్ మొక్కలు కదా, ఆటి అలవాట్లు ఆటికుంటాయనుకున్నాను."

పీర్ మహమ్మద్ ఆ మాటకి నవ్వాడు. పెట్టె ఇచ్చాక నవ్వడం అదే మొదలు.

గలీనా వంగి, వాలిపోయిన ఒక మొక్క మీద చెయ్యి అడ్డం పెట్టింది. మొత్తం నీడ ఎక్కువనుకుందో ఏమో, వేళ్ళు విడదీసింది. వేళ్ళ సందుల్లోంచి కాస్త ఎండ, కాస్త నీడ చారలు చారలుగా మొక్క మీద పడ్డాయి. రెండో చెయ్యి దాని మీద అడ్డంగా పెట్టింది. చారలు గళ్ళయ్యాయి. ఇది కావాలి అన్నట్టు తలెత్తి చూసింది.

"జాలీ!" అన్నాడు పీర్ మహమ్మద్.

"జాలీ," అంది ఆమె, ఆ మాట తన భాషలోదే అన్నంత సులువుగా.

విశాఖ పాత ఊళ్ళో ఒకప్పుడు ఆడవాళ్ళ గదుల కిటికీలకి అలాటి గళ్ళ చెక్క జాలీలుండేవి. బయటి వాళ్ళకి లోపల కనబడదు, లోపలికి గాలీ వెలుతురూ వస్తాయి. తాత చేసేవాడు, తండ్రి చేసేవాడు. పీర్ మహమ్మద్ నేర్చుకున్నాడు గాని ఆ కిటికీలు పెట్టించుకునేవాళ్ళే లేకపోయారు. నారుకి ముసుగు వెయ్యడానికి అది పనికొస్తుందని వాళ్ళ తాత కూడా అనుకొని ఉండడు.

అక్కడే వరండాలో కూర్చున్నాడు. ముందురోజు తప్పించిన అడుగు పలక మూలన ఉంది. దాన్నే సన్నటి బద్దలుగా కోశాడు. ఒక బద్ద మీద ఇంకో బద్ద పడే చోటల్లా సగం మందం తొలిచి, ఒకదాన్లో ఒకటి కూర్చోబెట్టాడు. గలీనా ఈలోగా మొక్కలు తీసి, గొయ్యిలోంచి లద్దెంతా చేటతో ఎత్తిపోసి, మామూలు మట్టి నింపింది. ఒకరి మాట ఒకరికి రాదు. ఆమె మధ్య మధ్య వచ్చి బద్దల మధ్య సందులోంచి అరచెయ్యి మీద ఎండ పట్టి చూసేది. ఎక్కువైతే పెదవి విరిచేది. అతను ఇంకో బద్ద వేసేవాడు. ఫ్రాన్సిస్ అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేక జీపులో నిద్రపోయాడు. పొద్దు వాలేసరికి అద్దం ఊడింది, దాని స్థానంలో జాలీ కూర్చుంది. గలీనా బతికున్న మొక్కల్ని మళ్ళీ నాటి, నీళ్ళు చల్లి, పక్కన ముల్లంగి గింజలు కూడా వేసింది.

ఒకటో తారీఖు పొద్దున్న అయూబ్ కొట్టుకి వచ్చేసరికి పీర్ మహమ్మద్ సంచి సర్దుకుని తయారుగా ఉన్నాడు. బస్సులో వెళ్ళారు. దారిలో రష్యా క్వార్టర్ల దగ్గర దిగాలన్నాడు పీర్ మహమ్మద్. సైటు లారీ వచ్చేది అక్కడికే, ఇంకా వేళుంది, ఒక్క నిమిషం చూసొద్దామన్నాడు. మనసు కష్టపెట్టుకున్న మనిషి కదా అని అయూబ్ కాదనలేదు.

పెరట్లో గలీనా నీళ్ళు పోస్తోంది. వీళ్ళని చూసి చెంబు వదిలేసి, "జాలీ, జాలీ!" అంటూ ఎదురొచ్చింది. అతని పేరు అదే అనుకుంటోందో ఏమో.

అయూబ్ పెట్టె ముందు ఆగిపోయాడు. నీళ్ళు చిమ్మి, మట్టి పట్టి, పాలీషు అప్పుడే తెల్లబడుతోంది. గొంతుక్కూర్చుని మూల దగ్గర మట్టి చేత్తో తుడిచాడు. తీగ బయటపడింది. కుసుల అతుకు మీద గోరు పెట్టి గీశాడు, గోరు ఎక్కడా దిగలేదు. అతనూ వడ్రంగే. మూడేళ్ళుగా మేకులు కొడుతున్నా చూపు పోలేదు.

"బావా, ఇది బురదలో పెట్టీసావేటి?" అన్నాడు లేచి. "ఇంత పనోడివి, నువ్వు సెంట్రింగుకెందుకు? నాను శ్రీరామ్మూర్తికి సెప్పీత్తాను, మా బావ రాడని. కొట్టు మూయొద్దు. ఏదోటి సూద్దాం."

పీర్ మహమ్మద్‌కి ఆ మాటలు సగమే వినిపించాయి. అతను జాలీ ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు. వాలిపోయిన నారు నిలబడింది. ఎండా నీడా గళ్ళల్లో ఆకులు లేత పచ్చగా ఉన్నాయి. పక్కన వరసలో ముల్లంగి మొలకలు మట్టి పెళ్ళల్ని నెత్తిన పెట్టుకుని పైకొస్తున్నాయి. ముల్లంగి ఊరుతుందేమో గాని, రాబోయే ఎండలకి క్యాబేజీ గడ్డ కడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇవాళ్టికి మాత్రం అంతా బాగుంది.

"పెట్టెనేటి సూత్తావురా," అన్నాడు. "ఇవి సూడు. మొన్న సచ్చిపోయాయి అనుకున్నాం."

"నాను సెప్పింది ఇన్నావా బావా?"

"ఇన్నాను." జాలీ మెల్లగా దించి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. గలీనా పక్క కుండీలోంచి పిడికెడు కొత్తిమీర లాంటి ఆకు కోసి చేతిలో పెడితే వాసన చూసి, ఏ కూరలో వెయ్యాలో తెలియకపోయినా, మదీనా బీకని జేబులో పెట్టుకున్నాడు. "నాను వత్తన్నాను కదా. పలకలు పీకినా బిల్డింగు ఉంటాదన్నావు, అదేటో సూద్దాం. పద, లారీ పోతాది."

రోడ్డు మీదికొచ్చారు. అయూబ్ ముఖం వేలాడేసుకుని నడుస్తున్నాడు. మూడేళ్ళుగా రమ్మని పోరింది తనే, ఇవాళ తీసుకెళ్తుంటే తనకే మనసొప్పడం లేదు. లారీ వచ్చింది. పీర్ మహమ్మద్ ముందు సంచి విసిరి, తర్వాత తనెక్కి, బావమరిదికి చెయ్యి అందించాడు. లారీ కదిలాక అతని పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

"అయూబూ, మనం పలకలు బిగించాక లోపల కాంక్రీటు గట్టిపడ్డానికి ఎన్నాళ్ళు పడతాదిరా?"

మూడేళ్ళలో బావ ఆ పని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అయూబ్ అతని ముఖంలోకి చూశాడు. వెటకారం లేదు. స్తంభానికి వేరే, స్లాబుకి వేరే అని మొదలుపెట్టి, సైటు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.